రంగు షీటా, రంగు అక్షరమా: డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఏది మేలు?

"పేజీ మీద రంగు షీటు పెడితే గబగబా చదివేస్తారట కదండీ, కొనమంటారా?" డిస్లెక్సియా, అంటే చదవడం కష్టమయ్యే ఇబ్బంది ఉన్న పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పుస్తకం తెరవగానే బిడ్డ కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఏదో ఒకటి చేసేయాలన్న వాళ్ల ఆరాటం నాకు తెలుసు. అందుకే కొనేముందు ఈ మాట వినమంటాను.

నీలమో పసుపో, పలచటి ప్లాస్టిక్ షీటును పేజీ మీద పరిచి చదివించడం ఒక పద్ధతి. రంగు అద్దాల కళ్లజోడు కూడా ఈ కోవలోదే. 1980ల్లో కాలిఫోర్నియాలో హెలెన్ ఇర్లెన్ అనే మనస్తత్వవేత్త వీటికి బాగా ప్రచారం తెచ్చారు. తెల్ల కాగితం మీది వెలుతురు కళ్లలో గుచ్చుకునే పిల్లలకు షీటు హాయిగానే ఉండొచ్చు. అయితే డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. మాటను శబ్దాలుగా విడదీసి, వాటిని అక్షరాలతో ముడివేసుకోవడంలో వచ్చే ఇబ్బంది అది. ఆ ముడి షీటు వేయలేదు. రంగు అద్దాలు పనిచేస్తాయనడానికి తగిన ఆధారాలు లేవని 2009లో అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు కలిసి చెప్పాయి. అక్షరాలు కదులుతున్నాయని పిల్లలు అంటే ముందు కంటి డాక్టరుకు చూపించండి. వెలుతురే ఇబ్బందైతే లేత మీగడ రంగు కాగితం మీద ప్రింటు తీస్తే సరిపోతుంది.

రెండో పద్ధతిలో రంగు అక్షరంలోకే వెళ్తుంది. 1960ల్లో కాలెబ్ గాట్టెన్యో అనే విద్యావేత్త ఇంగ్లీషు శబ్దాలకు ఒక్కోదానికి ఒక్కో రంగు ఇచ్చారు. ఇంగ్లీషులో ఒకే శబ్దాన్ని ఎన్నో రకాలుగా రాస్తారు కాబట్టి అక్కడ అన్ని రంగులకూ పని ఉంది. మన తెలుగుకు మూడు చాలు.

నా దగ్గరికొచ్చే మూడో తరగతి పాప ఒకరోజు కార్డు మీది "కుస్తీ"ని "కుసీత" అని చదివింది. కార్డును దగ్గరగా చూడండి, పాప చదివింది కనిపించిన వరుసే. గుడిదీర్ఘం "స" నెత్తిన ఉంది, "త" ఒత్తు కింద ఉంది. పలికేటప్పుడు మాత్రం "స్", "త్" వచ్చాకే "ఈ" వస్తుంది. స్కెచ్ పెన్నులు తీసి అసలు అక్షరం నలుపులో, ఒత్తు నీలంలో, గుణింతపు గుర్తు ఎరుపులో రాశాను. "నలుపు, నీలం, ఎరుపు" అంటూ వేలు కదిపించాను. స్... స్త్... స్తీ! రెండోసారి నా వేలు అక్కర్లేకపోయింది.

నా ఓటు దీనికే. షీటు మొత్తం పేజీని ఒకేలా మారుస్తుంది, ఈ రంగు పిల్లలు ఎక్కడ తడబడతారో అక్కడే చెయ్యి పట్టుకుంటుంది. ఇందులోనూ చిక్కులున్నాయి. రంగులు పెరిగితే అదో కొత్త గందరగోళం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ఉంటారు, మగపిల్లల్లో మరీను, కాబట్టి ఆ రెండూ కలిపి వాడొద్దు. పైగా బడి పుస్తకం నల్లటి అచ్చులోనే ఉంటుంది. అందుకే గుణింతాలు పట్టుబడగానే ఎరుపు మానేస్తాను, ఒత్తులకు నీలం ఇంకొన్నాళ్లు ఉంచుతాను. రంగుతోపాటు శబ్దాన్ని పైకి పలికించడం, రాయించడం రోజూ జరగాల్సిందే. అవి లేకపోతే రంగొక్కటే చేసేదేమీ ఉండదు.

ఆ పాప ఇప్పుడు మామూలు పుస్తకమే చదువుతోంది. "ఇస్త్రీ" లాంటి మాట వస్తే మాత్రం ఒత్తుల కింద వేలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, పలుకుతుంది.