జ్ఞాపకశక్తి క్లినిక్‌లో నాన్నగారి చేతిరాత పరీక్ష

ముప్పై ఏళ్లు తెలుగు బోధించిన మా నాన్నగారు సరుకుల చీటీలో 'పెరుగు'ను 'పెగురు' అని రాయడం గమనించి, ఆయనను హైదరాబాదులోని ఒక జ్ఞాపకశక్తి క్లినిక్‌కు తీసుకువెళ్లాము.

అక్కడి మనస్తత్వ నిపుణురాలు ఏమాత్రం తొందరపెట్టలేదు. జ్ఞాపకశక్తిని, ఆలోచనను అంచనా వేయడానికి 1975 నుంచి వాడుకలో ఉన్న 30 మార్కుల పరీక్షలో (ఎంఎంఎస్ఈ) సొంతంగా వాక్యం రాయడానికి దక్కేది ఒక్క మార్కే అయినా, ఆమె అంతటితో ఆగక, అవే మాటలను ఒకసారి చూసి రాయమని, మరోసారి విని రాయమని అడిగారు. చూసి రాసినప్పుడు 'విద్యార్థి' చక్కగానే వచ్చింది. విని రాసినప్పుడు మాత్రం థ ఒత్తు జారిపోయి 'విద్యారి'గా మిగిలింది. ఎర్ర సిరాతో వేలకొద్దీ ఒత్తులు దిద్దిన చేయి అది! ఇది చేతి వణుకు కాదని, మాట వినగానే దాని అక్షరాల కూర్పు మనసులో నిలవకపోవడమని, డిమెన్షియాలో (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే స్థితిలో) ఇటువంటి తప్పులు తొలి దశలోనే కనిపించవచ్చని ఆమె ఓపికగా వివరించారు. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ వ్యాధికి ఎవరి పేరు పెట్టారో ఆ జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1901లో పరీక్షించిన రోగి అగస్టే డేటర్ కూడా తన పేరును పూర్తిగా రాయలేకపోయారు.

నివేదిక మాత్రం నిరాశపరిచింది. అంతా ఆంగ్లంలోనే ఉంది; ఒత్తులు, గుణింతాలు, తారుమారైన అక్షరాలు అన్నీ 'స్పెల్లింగ్ లోపాలు' అనే ఒక్క ముక్కలో కలిసిపోయాయి. నాన్నగారు రాసిన కాగితాన్ని అడిగినా ఇవ్వలేదు. వెళ్లేవారు పోల్చి చూడటానికి రోగి పాత ఉత్తరాలో, డైరీయో వెంట తీసుకువెళ్లడం మంచిది. ఆ మాట మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.