పిల్లి తుంటి నొప్పికి నల్లగొండల చూపించినం – ఐదుకి నాలుగు స్టార్లు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు పిల్లులు పెంచేటోళ్ల కోసం రాస్తున్న. కుక్కలకైతే చూసేటోళ్లు ఉన్నరు గానీ పిల్లి కాలు బాగలేదంటే పట్టి చూసేటోళ్లు తక్కువ, అందుకే ఈ క్లినిక్ గురించి జర పెద్దగనే రాస్తున్న, ఓపికుంటే చదవుండ్రి.

మాది డాల్ ఫేస్ పర్షియన్ (మూతి మరీ చప్పిడిగ ఉండని, పొడుగు వెంట్రుకల జాతి), మగది, ఏడాది దాటింది, పేరు మోతీ. పిల్లలు కాకుండ ఆపరేషన్ అయినంక మంచిగనే ఒళ్లు చేసిండు. కుంటుడు అయితే పెద్దగ ఏం కనపడలే, కాకపోతే బీరువా మీదికి ఒక్క దుంకుల ఎక్కేటోడు ముందు కుర్చీ, తర్వాత టేబుల్, అట్ల ఎక్కుడు మొదలువెట్టిండు, ఉరికేటప్పుడు వెనక కాళ్లు రెండు జతగ ఏస్తుండు, తోక కాడ వెంట్రుకలు ఉండలు కట్టినయి ఎందుకంటే అటు తిరిగి నాక్కోలేకపోతుండు. పెట్ షాపాయన "పర్షియన్లు గంతే, బద్ధకం" అని ఒక షాంపూ అంటగట్టిండు. ఇంకోకాడ చూపిస్తే కాలు కూడ ముట్టకుండనే నొప్పి ఇంజెక్షన్ రాసిర్రు.

ఈ క్లినిక్‌ల డాక్టర్ మేడం ఫస్ట్ బుట్టల నుంచి తీసి కిందనే వదిలేసిర్రు, తలుపు పెట్టి, ఊరికె కూసొని వాడు నడుసుడు చూసిర్రు. తర్వాత రబ్బరు షీట్ మీద పెట్టి రెండు తొడలు రెండు చేతులతో పట్టి చూస్తే ఎడమ దిక్కు కండ సన్నగయింది, అది నాకు కూడ ముట్టించి చూపించిర్రు. కాలు వెనక్కి సాపంగనే చెవులు ఎనక్కి పెట్టి గుర్రుమన్నడు. ఏం పెడుతున్నరు అని తిండి గురించి మస్తు అడిగిర్రు, ఎందుకంటే పిల్ల టైంల ఒట్టి బోన్‌లెస్ చికెన్ మీదనే పెంచితే కాల్షియం అందక ఎముకలు మెత్తవడి ఇట్లనే నడుస్తయంట.

ఎక్స్‌రే మాత్రం మత్తు ఇచ్చే తీస్తమన్నరు, మెలకువల పిల్లి కాళ్లు సమానంగ సాపనియ్యదు, వంకరగ పడ్డ ఎక్స్‌రేతోని తుంటి సంగతి తెల్వదు. ముందు రోజు రాత్రి నుంచి తిండి బంద్. ఫిల్మ్‌ల రెండు దిక్కులా తుంటి గుంత లోతు లేదు, తొడ ఎముక తల సగం బయటనే ఉంది, హిప్ డిస్‌ప్లేసియా అన్నరు. పిడికిలి అరచేతుల పెట్టి ఎట్ల జారుతదో చూపిస్తే మా అమ్మకు కూడ సమజయింది. పర్షియన్లు, హిమాలయన్లు, మెయిన్ కూన్లు అసొంటి జాతి పిల్లులల్ల ఇది ఎక్కువంట. ఇంకొకటి కూడ ఉంటదంట, ఆపరేషన్ అయ్యి బరువు పెరిగిన మగ పిల్లులకు 2 ఏండ్ల లోపట తొడ ఎముక తల పెరిగే చోటనే జారిపోతది, బయటికి రెండూ ఒక్కతీరే కనపడతయి, అదైతే మందులతోని కాదు కోతకే పోవాలె. అందుకే ఎక్స్‌రే లేకుండ మందు రాయను అన్నరు, నాకు అది నచ్చింది.

మందు మెలాక్సికామ్ అనే నొప్పి తగ్గించే డ్రాప్స్, అది కూడ కిడ్నీ రక్త పరీక్ష చూసినంకనే, తిన్నంకనే వెయ్యాలె, తిండి మానేసినా వాంతి చేసుకున్నా ఆపి ఫోన్ చెయ్యాలె. పిల్లుల సీసాల ఒక ఎంఎల్‌కు 0.5 ఎంజీ మందు ఉంటది, కుక్కల సీసాల ఒక ఎంఎల్‌కు 1.5 ఎంజీ, మెడికల్ షాపుల ఏదో ఒకటి చేతుల పెడితే అదే సీసా వాడకుండ్రి. పారాసిటమాల్ అయితే గోడ మీదనే పెద్ద అక్షరాలతోని రాపించి పెట్టిర్రు, పిల్లికి ఒక్క 500 ఎంజీ గోళీ కూడ ప్రాణం తీస్తది. బరువు తగ్గించుడు మెల్లగ, ఒక్కసారే తిండి కోస్తే లివర్‌కు కొవ్వు పడుతది. ఇంట్ల టైల్స్ మీద జారకుండ పట్టాలు పరిచినం, వాడు దొడ్డికి కూసునే మట్టి డబ్బా అంచు ఒకదిక్కు కోసినం. ఇప్పుడు టేబుల్ మీదికి సీదా ఎక్కుతుండు, బీరువా ఇంకా లేదు.

ఆపరేషన్ అంటగట్టలే. నొప్పి ఇంకా తగ్గకపోతే ఎముక తల తీసేసే ఎఫ్‌హెచ్‌ఓ ఉంది, పిల్లి బరువు తక్కువ కాబట్టి చుట్టూ కండ పట్టి మంచిగనే నడుస్తదంట, ఇక్కడ చెయ్యరు, హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి గానీ ప్రైవేటుకు గానీ రాసిస్త అన్నరు.

ఇగ ఒక స్టార్ ఎందుకు కోసిన్నంటే, కూసునే కాడ కుక్కలు పిల్లులు అన్నీ ఒక్కకాడనే, పక్కన లాబ్రడార్ మొరుగుతుంటే మావోడు బుట్టల వణికిండు, పైన తువ్వాల కప్పి తీస్కపోండ్రి. బిల్లు ఒక చీటీ మీద మొత్తం రాసి ఇస్తరు, మత్తుకెంత ఎక్స్‌రేకెంత అడిగితేనే చెప్తరు. ఎక్స్‌రే ఫొటో కూడ వాళ్లంతల వాళ్లు పంపరు, వాట్సాప్‌ల పెట్టించుకోండ్రి, హైదరాబాద్ పోవాల్సి వస్తే మళ్ల మత్తు ఇప్పిచ్చే పని ఉండదు.