చీటీ కట్టాలా, ఆర్‌డీ కట్టాలా?

నెలకి అయిదు వేలు పక్కన పెట్టగలిగితే ఆ డబ్బు ఎటు పోవాలి? మన ఇళ్లలో ముందు వినిపించే మాట చీటీ.

లక్ష చీటీ, ఇరవై మంది సభ్యులు అనుకోండి. ఎవరో అవసరంలో ఉన్నవాళ్లు ఇరవై వేలు వదులుకుని పాడుకుంటే, నిర్వాహకుడి కమీషన్ అయిదు వేలు పోను మిగిలిన పదిహేను వేలు అందరికీ పంచుతారు, అంటే తలా 750, ఆ నెల మీరు కట్టేది 4,250. బాగానే ఉంది కదా! అసలు సుఖం ఏంటంటే, పెళ్లో ఫీజులో వచ్చిపడితే గడువు తీరకముందే పెద్ద మొత్తం చేతికొస్తుంది. కానీ ఆ నెల ఇంకొకరికి మీకంటే ఎక్కువ అవసరం ఉందో, పాట చెయ్యిదాటిపోతుంది. పైగా రిజిస్టర్ కాని చీటీ అయితే, నడిపేవాళ్లు రాత్రికి రాత్రి ఊరు వదిలారంటే చేతిలో మిగిలేది చిన్న నోటు పుస్తకమే.

ఆర్‌డీలో, అంటే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో నెలనెలా ఒకే మొత్తం కట్టే రికరింగ్ డిపాజిట్‌లో, ఈ థ్రిల్ లేదు, వడ్డీ కూడా ఒక మోస్తరే. పోస్టాఫీసులో అయితే నెలకి 100 నుంచీ మొదలుపెట్టొచ్చు, అయిదేళ్ల గడువు, పన్నెండు వాయిదాలు కట్టాక అందులో సగం వరకూ అప్పు కూడా ఇస్తారు. బ్యాంకులో అయితే 5 లక్షల వరకూ డిపాజిట్ బీమా.

నన్నడిగితే, ముందు మూడు నెలల ఇంటి ఖర్చు ఆర్‌డీలో పడేదాకా చీటీ జోలికి పోవద్దు. తర్వాత కట్టాలనుకుంటే రిజిస్టర్ అయినదే చూసుకోండి, ఎంత దగ్గర బంధువు నడుపుతున్నా సరే.