డ్రై క్యాబినెట్ మీద 45 చూసి నమ్మకండి, నా మూడు లెన్సులకి ఫంగస్ పట్టింది

కెమెరా సామాను దాచుకోడానికి ఆన్‌లైన్లో చవకగా దొరికే డ్రై క్యాబినెట్, అంటే లోపలి తేమని లాగేసే కరెంటు పెట్టె, కొనబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. ముఖ్యంగా కాకినాడ, విశాఖ, బందరు లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు. నేను 9,800 పెట్టి కొన్న పెట్టె ఆరు నెలల్లో నా మూడు లెన్సులకి బూజు పట్టించింది, అదీ తలుపు మీద నీలం అంకెల్లో లోపల తేమ 45 శాతమే అని దర్జాగా చూపిస్తూనే.

మాది కాకినాడ. పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. మొదట్లో అందరిలాగే లెన్సులన్నీ బ్యాగులోనే ఉంచి, బ్యాగుని బీరువా అడుగున తోసేసేవాణ్ణి. పాత 50 ఎంఎం లెన్సు ఒకటి అలాగే పోయింది. బ్యాగు లోపలి స్పాంజి తేమ పీల్చుకుంటే ఓ పట్టాన వదలదు, పైగా చీకటి, గాలి ఆడదు, బూజుకి ఇంకేం కావాలి! ఆ దెబ్బతో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు మొదలుపెట్టాను, చాలా ఏళ్లు ఏ గొడవా లేదు. రెండో కెమెరా బాడీ, 70-200 లెన్సు వచ్చాక డబ్బాలు చాల్లేదు. మాఘమాసం పెళ్లిళ్ల డబ్బులు చేతికి రాగానే 50 లీటర్ల క్యాబినెట్ ఆర్డర్ పెట్టేశాను. పేరున్న కంపెనీల పెట్టె దీనికన్నా చాలా ఎక్కువ, దీనికేమో 4.3 స్టార్లు. ఇప్పుడు ఆ రివ్యూలు మళ్లీ చదువుతుంటే నా మీద నాకే నవ్వొస్తోంది. లైటు బాగుంది, ప్యాకింగ్ బాగుంది, హాల్లో పెడితే లుక్ వచ్చింది అని రాశారే తప్ప, లోపల తేమ ఎంతుందో వేరే మీటర్ పెట్టి చూశానన్నవాడు ఒక్కడూ లేడు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే రోజుల తరబడి ఉంటే లెన్సు లోపల ఫంగస్ మొలిచే ప్రమాదం ఉంటుంది. 40 నుంచి 50 మధ్య ఉంచుకుంటే మంచిది, మరీ 30 కన్నా తగ్గించినా రబ్బర్లకీ లోపలి గ్రీజుకీ మంచిది కాదంటారు. వానాకాలంలో మా ఇంట్లో 80 మామూలు. ఈ క్యాబినెట్లలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో చిన్న చిప్ ఒకవైపు చల్లబడి, గాలిలో తేమని నీటి చుక్కలుగా మార్చి బయటికి పంపిస్తుంది. రెండోదాంట్లో తేమ పీల్చే గుళికలుంటాయి, అప్పుడప్పుడు వాటిని వేడిచేసి ఆ తేమని బయటికి వదిలేస్తుంది. నాది మొదటి రకం. రకంలో తప్పులేదు, మోసం వేరే చోట ఉంది.

మన పనిలో ఆషాఢం అంటే తెలుసు కదా, ముహూర్తాలుండవు, బయట వానలు. సామానంతా నెలపాటు కదలకుండా లోపల కూర్చుంటుంది. సంవత్సరం మొత్తంలో లెన్సుకి ఇంతకన్నా చెడ్డకాలం లేదు, క్యాబినెట్ కొన్నదే ఆ నెల కోసం. రోజూ ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా 45 చూసుకుని నిశ్చింతగా బయటికి వచ్చేవాణ్ణి.

శ్రావణంలో మొదటి పెళ్లి సామర్లకోట దగ్గర. జీలకర్ర బెల్లం దాకా బాగానే ఉంది. తలంబ్రాలప్పుడు వీడియోవాళ్ల లైటు నాకు ఎదురుగా వచ్చింది, 85 లెన్సుతో కొట్టిన ఫొటోలన్నీ పల్చటి పాలల్లో ముంచినట్టు వచ్చాయి. వేలిముద్ర అనుకుని తుడిచాను. మళ్లీ అంతే. మా కుర్రాడు ‘లైటు వల్లేలే అన్నా’ అన్నాడు, నేనూ అదే అనుకోవాలని చూశాను గానీ కడుపులో దేవుతూనే ఉంది. అప్పగింతలు 24-70 లెన్సుతో కానిచ్చేసి, ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. గదిలో లైటు ఆపి, 85 రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చ్ వెనకనుంచి పెట్టి ముందునుంచి ఏటవాలుగా చూశాను. అంచు దగ్గర మొదలై మధ్యకి పాకుతూ సన్నటి తెల్ల పోగులు, తెల్లవారుజామున గడ్డి మీద సాలెగూడు ఉంటుందే, అచ్చం అలా. 70-200 లోనూ ఉన్నాయి. 24-70 లో ఒక్క చుక్క. నేను నేల మీద కూర్చుని ఇదంతా చూస్తుంటే ఎదురుగా క్యాబినెట్ మీద నీలంగా 45.

మా ఆవిడ నిద్రలేచి వచ్చి కాసేపు చూసి, ‘ఏవండీ, రోజూ దాని మీద దుమ్ము తుడుస్తాను కదా, ఆ అంకె ఎప్పుడు చూసినా అంతే ఉంటుంది, అసలు మారుతుందా?’ అంది. ఆరు నెలలు నాకు రాని అనుమానం.

మర్నాడే 350 పెట్టి చిన్న డిజిటల్ తేమ మీటర్ కొన్నాను. గదిలో 81. క్యాబినెట్లో పెట్టి తలుపేసి, రెండు గంటల తర్వాత చూస్తే 76. పైన మాత్రం 45. సరే అని సామానంతా తీసేసి, తడిగుడ్డ పిండి లోపల పరిచి తలుపు వేశాను. అరగంటలో నా మీటర్ 90 దాటింది. తలుపు మీద 45, మధ్యలో ఒకసారి 46 అయి మళ్లీ 45. ఆ 46 కి వెళ్లి రావడం ఉంది చూశారా, అది మరీ దొంగతెలివి. ఇదంతా ఆపకుండా ఒకే వీడియో తీసి, అప్పుడు వెనక మూత నాలుగు స్క్రూలు విప్పాను. డిస్‌ప్లే వెనక రెండే తీగలు, రెండూ కరెంటువే. సెన్సార్ లేదు. తేమని కొలిచేది ఆ పెట్టెలో ఎక్కడా లేదు. అంకె ఊరికే వెలుగుతోంది, అంతే. తేమ లాగే చిప్ ఉంది, పాపం పని కూడా చేస్తోంది, కానీ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు కింది మూలలో ఆనడం లేదు. పది రూపాయల నోటు పెట్టి తలుపేసి లాగితే జర్రున వచ్చేసింది. చిప్ ఎంత తేమ లాగినా ఆ సందులోంచి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది.

నా తప్పూ ఒకటుంది, దాచను. ఆషాఢం ముందు మారేడుమిల్లిలో ఒక ప్రీవెడ్డింగ్ షూట్‌లో వాన పడింది. బ్యాగు వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే ధైర్యంగా తడిగడ్డి మీదే పెట్టాను. ఆ వాటర్‌ప్రూఫ్ అనేది గుడ్డకే, జిప్పుకీ కుట్లకీ కాదు, అడుగునుంచి నీళ్లు ఎక్కాయి. ఇంటికొచ్చాక లెన్సులు తుడిచాను గానీ 85 ని చెమ్మగా ఉన్న పౌచ్‌తో సహా క్యాబినెట్లో పెట్టేశాను, పెట్టె లాగేస్తుందిలే అని. మంచి పెట్టె అయినా అలా పెట్టకూడదు. బ్యాగు, పౌచ్, బెల్టులు ఫ్యాను కింద ఎండాకే లోపలికి. అసలు పౌచ్ లేకుండా ఉత్త లెన్సు పెట్టుకోవడమే మేలు.

మూడూ హైదరాబాద్ తీసుకెళ్లాను. రిపేరు చేసే ఆయన విప్పి చూపించాడు: ‘అన్నా, 70-200 ది ముందు గ్లాసు వెనకాలే ఉంది, తుడిస్తే పోతుంది. 85 ది మాత్రం కోటింగ్ తినేసింది.’ ఫంగస్ వదిలే ఆమ్లం గాజు మీది కోటింగ్‌ని కొరికేస్తుంది, ఆ తర్వాత బూజు తుడిచినా మచ్చ ఉండిపోతుంది. మూడింటికీ కలిపి 11,500 అయింది, అంటే పెట్టె ఖరీదుకన్నా ఎక్కువ. 85 ఇప్పటికీ ఎదురు లైటులో పొగమంచే, ఎదురుగా లైటు లేనిచోట వాడుకుంటున్నాను.

ఇక అమ్మినవాడి సంగతి. వాపసు గడువు పది రోజులే, అది ఎప్పుడో మాఘంలోనే అయిపోయింది. వారంటీ కార్డు మీద ఒక నంబరు, ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. అమ్మకపు సైట్ ద్వారా గట్టిగా అడిగితే ఒకతను ఫోన్ చేసి ‘మీ ఏరియాలో హ్యుమిడిటీ ఎక్కువ సార్’ అన్నాడు. అందుకే కదయ్యా కొన్నది! తర్వాత, పెట్టెని నా ఖర్చుతో పంపితే చూస్తామన్నారు. అదీ కుదరదంటే 1,500 కూపన్ ఇస్తామన్నారు, మళ్లీ వాళ్ల దగ్గరే ఏదో కొనుక్కోడానికి. వద్దన్నాను. అప్పుడు అట్టపెట్టె వెతికి చూస్తే దిగుమతి చేసినవాడి పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఇవన్నీ పెట్టె మీద ఉండి తీరాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోగా పరిష్కరించాలి. ఈ రెండూ రాసి, వీడియో, బిల్లు జతచేసి పంపాక మాట తీరు కొంచెం మారింది గానీ డబ్బు రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి చెప్పాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు కూడా లేదు.

కొనేవాళ్లు కొనండి, వద్దనను. పెట్టె ఇంటికి రాగానే మాత్రం సీలు తీయడం నుంచి వీడియో తీయండి, ఆ రోజే లోపల వేరే మీటర్ పెట్టండి, వాపసు గడువు దాటేలోగా తడిగుడ్డ, పది రూపాయల నోటు పరీక్షలు రెండూ చేసి చూడండి. ఎండాకాలంలో ఏసీ గదిలో పెట్టి చూస్తే ఏ పెట్టైనా పాసవుతుంది, తడిగుడ్డ పెడితేనే నిజం బయటపడుతుంది. మీ చిన్న మీటర్ మీదే అనుమానం ఉంటే సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, ఉప్పు కరిగిపోకుండా ముద్దలా తడిసేలా నాలుగు చుక్కల నీళ్లు వేసి, మీటర్‌తో పాటు జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి 75 దగ్గర చూపించాలి. నాది 73 చూపించింది, అంటే రెండు కలుపుకుని చదవాలన్నమాట.

నేను మళ్లీ డబ్బాల్లోకి వచ్చేశాను. మూత చుట్టూ రబ్బరున్న మూడు పెద్ద డబ్బాలు, ఒక్కోదాంట్లో పావుకిలో నారింజ రంగు సిలికా జెల్, ఒక్కో చిన్న మీటర్, మొత్తం రెండున్నర వేలు కాలేదు. మీటర్ 50 దాటితే జెల్ తీసి ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచుతాను, ఎండలో ఆరబెడితే ఆ తేమ పోదు. నీలం రంగు జెల్ మాత్రం వంటగిన్నెల్లో వేడిచేయకండి, ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషం. అలాగే ఏసీ కల్యాణ మండపం నుంచి బయటి ఊరేగింపుకి వెళ్లేటప్పుడు బ్యాగు జిప్పు వేసే ఉంచి కాసేపాగి తీయండి, చల్లటి గాజు మీద బయటి తేమగాలి తగిలితే క్షణంలో చెమ్మ పట్టేస్తుంది. అదే తడితో తెచ్చి పెట్టెలో పెట్టామంటే మళ్లీ మొదటికే.

నా దగ్గరున్నది నల్ల అద్దం తలుపు, పైన కుడివైపు నీలం అంకెలు, లోపల రెండు అరలు, ఎక్కడా బ్రాండ్ పేరు లేదు. ఇలాంటిదే మీ ఇంట్లో ఉంటే ఇవాళే తడిగుడ్డ పెట్టి చూడండి, అంతకుముందు లెన్సులు బయటికి తీసి ఒక్కోదాని వెనకా టార్చ్ వేయండి. వాపసు గడువు ఇంకా మిగిలుంటే పెట్టె వెనక మూత మాత్రం విప్పకండి, విప్పితే దాన్నే సాకుగా చూపిస్తారు.