పిల్లల గ్రామర్ వర్క్‌బుక్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా ఇద్దరు పిల్లలకీ ఇంట్లో ఇంగ్లీషు గ్రామర్ నేనే చేయిస్తున్నాను. అమ్మాయి ఒకటో తరగతిలో మొదలుపెట్టి ఇప్పుడు హైస్కూలుకి వచ్చింది, తమ్ముడు ఇంకా ప్రైమరీలోనే ఉన్నాడు. ఇన్నేళ్లలో మేం ఎక్కువగా వాడింది ఖాళీలు పూరించే వర్క్‌బుక్‌లు. మధ్యమధ్యలో ఫోన్‌లో యాప్‌లు కూడా వాడాం. ఈ పుస్తకాలు ఎవరు వేసినా లోపల దాదాపు ఒకేలా ఉంటాయి: ఒక పేజీలో బొమ్మలతో చిన్న వివరణ, పక్క పేజీలో కొన్ని ఖాళీలు, చివర జవాబులు. అందుకే ఏదో ఒక పుస్తకం పేరు పట్టుకోకుండా, ఆ పద్ధతి మొత్తం గురించే రాస్తున్నాను.

కొనమనే చెప్తాను. కానీ పేజీ నిండినంత మాత్రాన పాఠం వచ్చేసినట్టు అనుకోవద్దు.

ఎందుకంటే, 'హి, షి, ఇట్' తర్వాత క్రియకి 'ఎస్' చేర్చాలని ఒక పేజీ ఉందనుకోండి. ఆ పేజీలో ప్రతి ఖాళీకీ కావాల్సింది 'ఎస్' ఉన్న క్రియే. మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు వాక్యం చదవడం మానేసి, బ్రాకెట్లో ఉన్న క్రియకి 'ఎస్' తగిలించుకుంటూ పోతారు. అన్నీ కరెక్టే. కాసేపటికి మాట్లాడమంటే 'షి గో టు స్కూల్' అనే అంటారు. మాట్లాడేటప్పుడు ఎవరి గురించి చెప్తున్నాం, ఎప్పటి సంగతి చెప్తున్నాం అని తామే చూసుకోవాలి కదా. పుస్తకంలో ఆ పని పైనున్న హెడ్డింగే చేసి పెడుతుంది.

దీనికి నాకు దొరికిన మందు చాలా చిన్నది. పూర్తయిన నాలుగైదు పేజీల నుంచి రెండేసి వాక్యాలు తీసి, హెడ్డింగ్ లేకుండా ఒక కాగితం మీద కలిపి రాసిస్తాను. మొదట్లో మార్కులు బాగా పడిపోతాయి. పిల్లలకి అది నచ్చదు, మనకీ టెన్షన్‌గానే ఉంటుంది. తర్వాత నెమ్మదిగా పెరుగుతాయి. ఆ పెరుగుదల మాత్రం నమ్మదగినది, మాటల్లో కూడా కనిపిస్తుంది. కొన్ని పుస్తకాల్లో ఇలాంటి కలగలుపు పేజీలు ముందే ఉంటాయి. అవి ఉన్న పుస్తకమే తీసుకోండి.

ఆ 'ఎస్' దగ్గర ఓపిక చాలా కావాలి. రోజర్ బ్రౌన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంగ్లీషే మాతృభాషగా ఉన్న ముగ్గురు పిల్లల మాటల్ని చాలాకాలం గమనించి, 1973లో ఆ వివరాలు ప్రచురించారు. వాళ్లకి 'ఐఎన్‌జీ' రూపం ముందుగా వచ్చింది, బహువచనం 'ఎస్' కూడా త్వరగానే వచ్చింది. క్రియ చివరి 'ఎస్' మాత్రం బాగా ఆలస్యంగా వచ్చింది. వినడానికి రెండూ ఒకటే శబ్దం, అయినా రావడంలో అంత తేడా. పుట్టినప్పటి నుంచీ ఆ భాషే వింటున్న పిల్లలకే అంత సమయం పడితే మన పిల్లల్ని తొందరపెట్టడం ఏం న్యాయం? ఇక్కడ మా ఇంట్లో ఉపయోగపడింది తెలుగే. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని మనకి క్రియ చివర ఎన్ని మార్పులో పిల్లలకి తెలియకుండానే తెలుసు. ఇంగ్లీషులో మామూలు క్రియకి వర్తమానంలో ఆ మార్పు ఒక్కచోటే మిగిలిందని చెప్తే వాళ్లకి అది వింత నియమంలా అనిపించదు.

ఎక్కువ పుస్తకాలు సరిగ్గా చెప్పనిది 'ఎ', 'యాన్' సంగతి. ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలతో మొదలైతే 'యాన్' అని రాసి వదిలేస్తారు. అలా నేర్చుకున్న పిల్లలు 'యాన్ యూనిఫామ్', 'ఎ అవర్' అని రాస్తారు. నేను ఆ పదాన్ని పక్కన తెలుగు లిపిలో రాయమంటాను. 'అంబ్రెల్లా' అచ్చుతో మొదలైంది కాబట్టి 'యాన్', 'యూనిఫామ్' హల్లుతో మొదలైంది కాబట్టి 'ఎ'. 'అవర్' అచ్చు, 'వన్‌వే' హల్లు. మన లిపి శబ్దాన్నే రాస్తుంది కాబట్టి జవాబు కళ్లెదుటే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: 'యాపిల్', 'యాంట్' లాంటివి మనం 'య'తో రాస్తాం గానీ ఇంగ్లీషులో అక్కడ ఉన్నది అచ్చు శబ్దమే, వాటికి 'యాన్' రావాలి. ఆ కొద్ది పదాలూ విడిగా చెప్పేస్తే చాలు.

వర్క్‌బుక్ నిజంగా రాణించేది ప్రశ్నలు, నెగటివ్ వాక్యాల దగ్గర. 'షి లైక్స్ మిల్క్' అన్నదాన్ని 'డజ్ షి లైక్ మిల్క్' అని మార్చాలి. క్రియ మీదున్న 'ఎస్' అక్కడి నుంచి లేచి 'డజ్'లోకి వెళ్లిపోతుంది. 'డిడ్ యు వెంట్' అని తప్పు రావడం కూడా ఇదే జాతి: కాలం 'డిడ్' చెప్పేశాక క్రియ మళ్లీ చెప్పక్కర్లేదు. నోటితో ఎంత చెప్పినా ఈ కదలిక పిల్లలకి అందదు. పెన్సిల్‌తో ఒక లైన్ కింద ఇంకో లైన్ రాస్తూ మార్చుకుంటూ పోతే అందుతుంది. ఈ రకం పేజీలు ఎన్ని ఉంటే అంత మంచిది. మా అమ్మాయి ఇప్పటికీ తప్పు లేకుండా ప్రశ్న అడగగలుగుతోందంటే వీటి వల్లనే అని నా నమ్మకం.

పిల్లలకి నియమం వచ్చిందా, లేక పదాలు గుర్తున్నాయా అన్నది తేల్చుకోవడానికి మాకు నచ్చిన ఆట ఒకటుంది. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్న పిల్లలకి లేని జంతువు బొమ్మ చూపించి, ఇది 'వగ్', ఇప్పుడు ఇలాంటివి రెండున్నాయి, అవి రెండు ఏమిటి అని అడిగారు. ఎన్నడూ వినని పదానికి కూడా చాలామంది బహువచనం సరిగ్గా చెప్పారు. మేమూ పదాలు కల్పించుకుంటాం. 'మోట్' అనే క్రియ ఉందనుకుందాం, అతను రోజూ ఏం చేస్తాడు, నిన్న ఏం చేశాడు? 'మోట్స్', 'మోటెడ్' అని తడుముకోకుండా వస్తే ఇక ఆ పేజీల మీద సమయం పెట్టక్కర్లేదు. చిన్నవాడు ఈ దశలో 'గోడ్', 'ఈటెడ్' అనడం మొదలుపెట్టాడు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ మాటలు ఎవరి దగ్గరా వినలేదు, నియమం పట్టుకుని తనే తయారుచేసుకున్నాడు. 'వెంట్', 'ఏట్' వినగా వినగా వస్తాయి.

యాప్‌ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మూడు ఆప్షన్లలో ఒకటి నొక్కే రకం మాకు పనికిరాలేదు, ఊహించి నొక్కేస్తారు. టైమర్ ఉంటే ఇంకా కష్టం. టైప్ చేయించేవి మెరుగు. కానీ చివరి శబ్దాలు వినిపించడంలో పుస్తకం వాటికి సాటి రాదు: 'క్యాట్స్'లో స్, 'డాగ్స్'లో జ్, 'బసెస్'లో ఇజ్. అందుకోసం మాత్రం ఫోన్ ఇస్తాను.

దిద్దడం విషయంలో నాకు కుదిరిన పద్ధతి: రాసినదాంట్లో తప్పు ఉన్న చోట కింద గీత గీస్తాను, జవాబు రాయను. మాట్లాడుతున్నప్పుడైతే ఆపను. 'షి గో' అంటే 'అవునా, షి గోస్ దేర్ ఎవ్రీ డే?' అని మాట కలుపుతాను. ప్రతి పేజీ చివర తమ సొంత వాక్యం ఒకటి, నిజంగా జరిగింది, రాయాలి. ఖాళీలన్నిటికన్నా ఆ ఒక్క లైనే నాకు ఎక్కువ చెప్తుంది.

ఈ పుస్తకాల్లో బలహీనమైన భాగం ప్రిపొజిషన్లు. గడియారం సమయానికి 'అట్', రోజుకీ తేదీకీ 'ఆన్', నెలకీ సంవత్సరానికీ 'ఇన్', ఇంతవరకు పట్టిక బాగుంటుంది. ఆ వెంటనే 'ఇన్ ద మార్నింగ్', 'అట్ నైట్' వస్తాయి, పట్టిక చేతులెత్తేస్తుంది. చిన్నవాడితో ఆ పేజీలు సగం వదిలేశాను. కథల పుస్తకం చదివేటప్పుడు ఇలాంటి పదబంధం కనిపిస్తే మొత్తం ముక్కగా నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటున్నాడు.