స్పీడ్ లిమిటర్: లారీల మధ్య 64 వేల కిలోమీటర్ల తర్వాత

నేను నడిపే కారు మైలేజీ, ఏసీ, డిక్కీ సంగతులు ఇప్పటికే అందరూ రాసేశారు. నేను రాసేది స్టీరింగ్ మీద ఎడమ పక్కనున్న ఒక్క బటన్ గురించి. క్రూజ్ కంట్రోల్ బటన్‌ని ఆనుకుని ఉండే స్పీడ్ లిమిటర్ అది. కారు అమ్మేటప్పుడు క్రూజ్ గురించి చెబుతారు కానీ దీన్ని ఎవరూ చూపించరు. మూడేళ్ల వాడకంలో ఈ కారులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. తిరిగిన దాంట్లో ముప్పాతిక వంతు హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు రోడ్డు, మిగతాది చిలకలూరిపేట నుంచి నెల్లూరు దాకా 16వ నంబరు రోడ్డు. రెండు చోట్లా కార్ల కంటే ముందు లారీల లెక్క చూసుకోవాల్సిందే.

క్రూజ్ పెడితే పెట్టిన వేగంలో కారు తనంతట తాను పోతుంది, పాదం ఖాళీ. లిమిటర్ అలా కాదు. పాదం పెడల్ మీదే ఉంటుంది, వదిలితే కారు నెమ్మదిస్తుంది, తొక్కితే మాత్రం పెట్టిన అంకె దగ్గర ఆగిపోతుంది. ఈ కాస్త తేడాయే మన హైవే మీద చాలా పెద్దది. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు లారీ ఒకటి 50లో పోతుంటుంది, దాన్ని దాటడానికి ఇంకోటి 55లో డివైడర్ పక్క లేనులోకి వస్తుంది. ఒక్కసారిగా రెండు లేన్లూ మూసుకుపోతాయి. క్రూజ్‌లో ఉంటే పాదం ఎక్కడో వెనక్కి ముడుచుకుని ఉంటుంది, బ్రేకు వెతుక్కోవాలి. లిమిటర్‌లో పాదం అప్పటికే పనిలో ఉంటుంది కాబట్టి, యాక్సిలరేటర్ వదలగానే వేగం తగ్గడం మొదలవుతుంది.

చలానాలు ఆగిపోయాయి, అది నిజమే. తెలంగాణలో వెయ్యి జరిమానాకి 35 యూజర్ చార్జీ కలిపి వచ్చే 1035 అనే అంకె ఈ రోడ్డు మీద తిరిగేవాళ్లందరికీ కంఠతా వచ్చు. కానీ లిమిటర్ నాకింత నచ్చడానికి కారణం చలానా కాదు, వెనకాల వచ్చే లారీ.

హైవే మీద పోలీసులు వేగం కొలిచే స్పీడ్ గన్ బండి కనిపించగానే ఏం జరుగుతుందో గమనించండి. 110లో లారీని దాటిన కారు దాని ముందుకి, పది మీటర్ల ఖాళీ కూడా లేకుండా, ఎడమ లేనులోకి దూరుతుంది. అంతలో గన్ బండి కనిపిస్తుంది. పాదం బ్రేకు మీద పడి రెండు మూడు సెకన్లలో వేగం 60కి దిగుతుంది. వెనక లారీ 75లో వస్తోంది, లోడు మీద ఉంది. తేడా 15 కిలోమీటర్లు, అంటే లారీ సెకనుకి 4 మీటర్ల చొప్పున మీదికి వస్తున్నట్టు. వేగం 60కి దిగేసరికి మధ్యలో పది మీటర్లే ఉంటే, అది రెండున్నర సెకన్లలో ఐపోతుంది. లారీ డ్రైవరు చూసి బ్రేకు తొక్కడానికి సెకను పైనే పడుతుంది. ఆ మీద గాలి బ్రేకు, గొట్టాల్లోంచి గాలి వెళ్లి చక్రాల దగ్గర పట్టడానికి ఇంకొంత. అసలు మిగిలేదెంత? పైగా క్యాబిన్‌కి అంటుకున్నంత దగ్గరగా ముందున్న చిన్న కారు ఎత్తులో కూర్చున్న డ్రైవరుకి సరిగ్గా కనిపించను కూడా కనిపించదు. కెమెరా చూసి బ్రేకు కొట్టడం జరిమానా తప్పించుకునే ఉపాయం అనుకుంటారు. లోడు లారీ ముందు అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడం.

లిమిటర్ పెట్టుకుంటే ఆ బ్రేకు అవసరమే రాదు. గన్ ఉన్నా లేకపోయినా కారు పోయేది అదే వేగంలో. వేగ పరిమితి బోర్డు 100 అంటే 100 పెడతాను. ఈ కారు మీటరులో 100 అంటే ఫోన్ జీపీఎస్‌లో 96. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదనేది నియమం, అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి. గన్ కొలిచేది అసలు వేగాన్ని. కాబట్టి బోర్డు అంకెనే లిమిటర్‌లో పెట్టినా మూడు నాలుగు కిలోమీటర్ల వెసులుబాటు ఉంటుంది. టైరు సైజు మార్చినవాళ్లు మాత్రం ఈ లెక్క నమ్మకుండా, చదునైన రోడ్డు మీద జీపీఎస్‌తో పోల్చి చూసుకోవాలి.

2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకి 100, సరుకు బండికి 80. లారీల వేగం మించకుండా బిగించే స్పీడ్ గవర్నర్ 80కి, టిప్పర్లకీ ట్యాంకర్లకీ 60కి. అంటే అందరూ నిబంధన పాటిస్తున్నా కారుకీ టిప్పరుకీ 40 కిలోమీటర్ల తేడా ఉంటుంది. సెకనుకి 11 మీటర్లు! వంద మీటర్ల దూరంలో కనిపించిన టిప్పరు తొమ్మిది సెకన్లలో బానెట్ ముందు ఉంటుంది. లేను మారాలా, నెమ్మదించాలా అనేది ఆ దూరంలోనే తేల్చుకోవాలి.

ఇక ఇబ్బంది పెట్టిన సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు బటన్‌లో లేదు.

ఊళ్ల దగ్గర బోర్డు 80కి దిగుతుంది, లిమిటర్ కూడా 80కి దించుతాం. ముందు 40 అడుగుల కంటైనర్ ట్రాలీ 70లో పోతోంది, దాటబోతాం. 40 మీటర్ల వెనక నుంచి మొదలుపెట్టి 30 మీటర్లు ముందుకెళ్లి లేనులోకి రావాలంటే, 18 మీటర్ల ట్రాలీ, 4 మీటర్ల కారు కలిపి 92 మీటర్లు గెలవాలి. తేడా 10 కిలోమీటర్లే కాబట్టి 33 సెకన్లు పడుతుంది. అందులో ట్రాలీ పక్కనే, దాని చక్రాల వరుసకి సమానంగా, 8 సెకన్లు. అదే 98లో దాటితే మొత్తం 12 సెకన్లు, పక్కన ఉండేది మూడు సెకన్లలోపే. లిమిటర్ ఉన్న కారుకి అసలు ప్రమాదం ఇక్కడుంది. చట్టాన్ని బుద్ధిగా పాటిస్తూనే లారీ అద్దాలకి కనిపించని చోట ఇరుక్కుంటాం. అప్పుడే లారీ ముందు ఆటో అడ్డొచ్చి, డ్రైవరు కుడికి తిప్పితే?

దీనికి కారులోనే మందు ఉంది. యాక్సిలరేటర్‌ని గట్టి అడ్డు తగిలిన చోటు కూడా దాటించి పూర్తిగా తొక్కితే లిమిటర్ కాసేపు తప్పుకుంటుంది, తెర మీద అంకె మిణుకుమిణుకుమంటుంది, కారు దూసుకుపోతుంది. మళ్లీ పెట్టిన వేగం కిందికి దిగాక దానంతట అదే పనిలోకి వస్తుంది. ఈ కారులో అది పనిచేయలేదు. పూర్తిగా తొక్కినా 80 దగ్గరే ఉండిపోయేది. ఎలక్ట్రానిక్స్ లోపం అనుకుని సర్వీసులో కంప్యూటర్ పెట్టి చూస్తే లోపం చూపించే కోడు ఒక్కటీ లేదు.

కారణం కాళ్ల కింది మ్యాట్. కారు కొన్నాక వేయించే, అంచులు పైకి లేచిన మందపాటి తోలు మ్యాట్ అది. పెడల్ వెనక దాని మడత సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఉంది. పెడల్ కిందికి వెళ్లి మడతకి తగిలి ఆగుతోంది, చివరి స్విచ్ దాకా చేరడం లేదు. కాలికేమో పూర్తిగా తొక్కినట్టే అనిపిస్తుంది. మామూలుగా నడిపేటప్పుడు చివరి సెంటీమీటరు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. అక్కర పడేది సరిగ్గా ట్రాలీ పక్కన ఉన్నప్పుడే.

చూసుకోవడం తేలిక. ఇంజను ఆపి, యాక్సిలరేటర్‌ని చేత్తో కింది దాకా నొక్కండి. చివర్లో టక్కుమనే చిన్న గట్టిదనం తగిలి, దాన్ని దాటి ఇంకాస్త దిగాలి. అది తగలకముందే మెత్తగా ఆగితే మ్యాట్ అడ్డున్నట్టు. తర్వాత ఖాళీ రోడ్డు మీద లిమిటర్ 50కి పెట్టి, వెనక ఎవరూ లేరని చూసి, పూర్తిగా తొక్కండి. అంకె మిణుకుమంటూ వేగం 50 దాటాలి. నేను డ్రైవరు వైపు ఆ మందపాటి మ్యాట్ తీయించి, కారుతో వచ్చిన పల్చటి మ్యాట్‌ని దాని కొక్కేలకి బిగించాను. అప్పటినుంచి తేడా రాలేదు. ఒకదాని మీద ఇంకో మ్యాట్ వేయడం మాత్రం అస్సలు వద్దు, అది జారి పెడల్ కిందికి పోతుంది.

పెడల్ సరిగ్గా పనిచేసినా ఆటోమేటిక్ గేరు కారులో తొక్కాక గేరు దిగి బలం రావడానికి ఓ సెకను పడుతుంది. అందుకే ఇప్పుడు నా పద్ధతి వేరు. బోర్డు 80 ఉన్న చోట 65 పైన పోయే పొడుగు బండిని దాటే ప్రయత్నమే చేయను. వెనకే, మూడు సెకన్ల ఎడంతో, దాని పక్క అద్దం నాకు కనిపించేలా ఉంటాను. అద్దంలో డ్రైవరు ముఖం కనిపించకపోతే నేనూ అతనికి కనిపించనట్టే. బోర్డు 100కి పెరిగాక లిమిటర్ పెంచి, డిప్పర్ కొట్టి, ఒకేసారి దాటేస్తాను. ముందుకి వచ్చాక లారీ రెండు హెడ్‌లైట్లూ లోపలి అద్దంలో పూర్తిగా కనిపిస్తేనే ఎడమ లేనులోకి. లారీ వాళ్లు వేసే కుడి ఇండికేటర్‌ని నమ్మను. ఒకరు ‘దాటు’ అని వేస్తారు, ఇంకొకరు నిజంగానే కుడికి తిరగడానికి వేస్తారు. డివైడర్ కట్టింగ్ దగ్గర్లో ఉంటే అది తిరగడానికే అనుకోవాలి.

చిన్న చిన్న అసంతృప్తులు ఉన్నాయి. ఇంజను ఆపితే లిమిటర్ పెట్టిన అంకె మరిచిపోతుంది. సూర్యాపేటలో టీకి ఆగి బయల్దేరితే మళ్లీ పెట్టుకోవాలి, పెట్టలేదని గుర్తు రాకపోతే ‘లిమిటర్ ఉందిలే’ అన్న ధీమాలో 115 దాటిపోతుంది. దిగుడులో ఇది బ్రేకు వేయదు, వేగం పెరిగితే కూత పెడుతుందంతే. 2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ 80 దాటితే ఆగి ఆగి మోగే హెచ్చరిక ఉంది, ఆ కూతకి అలవాటు పడిన చెవి లిమిటర్ కూతని కూడా పట్టించుకోదు. రెండిటికీ వేర్వేరు శబ్దం ఉండాల్సింది.

పైన క్రూజ్‌ని తీసిపారేసినట్టు రాశాను కానీ, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తెల్లవారుజామున ఖాళీ లేనులో అదే హాయి. లిమిటర్ గురించి చెప్పిన మంచి అంతా కూడా పగటి మాట. రాత్రి పూట 100 బోర్డు ఉన్నా 80 దాటించను. 100లో చూసి, తొక్కి, ఆగడానికి పొడి రోడ్డు మీదే 80 మీటర్ల పైన కావాలి. డిమ్ లైటులో రోడ్డు పక్కన ఆపిన లారీ, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు దుమ్ము పట్టి ఉంటే, అంత దూరంలో కనిపించదు. లిమిటర్ పెట్టిన అంకెని కాపలా కాస్తుందే తప్ప ఆ అంకె సరైనదో కాదో దానికి తెలియదు.

నెలకి రెండుసార్లు నాలుగు లేన్ల రోడ్డు మీద, ఎక్కువగా పగలు, నలుగురితో తిరిగే నాలాంటి వాడకానికి ఈ బటన్ లేని కారు ఇక వద్దనిపిస్తోంది. ఎదురు వాహనాలతో డివైడర్ లేని రెండు లేన్ల రోడ్డే ఎక్కువగా తిరిగేవాళ్లకి మాత్రం నేను ఇంత గట్టిగా చెప్పలేను. అక్కడ దాటేటప్పుడు ఆ చివరి సెంటీమీటరు మీద ఆధారపడటం కంటే, లిమిటర్ ఆపేసి నడపడమే మేలు కావచ్చు.