జర్మన్ విమాన డ్రాయింగులకు ఫోన్ కెమెరా అనువాదం: ఏళ్ల తరబడి వాడాక

రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ యుద్ధవిమానాలు మెసర్‌ష్మిట్ 109, ఫోకె-వుల్ఫ్ 190ల స్కేల్ మోడళ్ల కోసం పాత జర్మన్ మాన్యువళ్లు చదవాలంటే కెమెరా అనువాదం పేరాల వరకు బాగానే పనిచేస్తుంది. డ్రాయింగులో బాణం పక్కన ఒంటరిగా ఉన్న మాటకు మాత్రం నమ్మొద్దు. చుట్టూ వాక్యం లేకపోతే అది ఇవాళ్టి వాడుక అర్థాన్నే తెస్తుంది. పైలట్ చేతి కదలికను రెక్క, తోక పలకలకు చేరవేసే కంట్రోల్ పుష్ రాడ్ 'ష్టోస్‌ష్టాంగె' కారు బంపర్ అయిపోతుంది. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఎన్ని డిగ్రీలు కదలాలో చెప్పే 'ఔస్‌ష్లాగ్' ఒంటిమీద దద్దుర్లవుతుంది. ఇవి నయం, చూడగానే దొరికిపోతాయి.

నమ్మించి ముంచేవి వేరే. 'ఫ్లూగెల్‌టీఫె'లో టీఫె అంటే లోతు కదా అని రెక్క మందం అనుకుంటే కొలతలన్నీ తప్పుతాయి. అది రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా ఉండే వెడల్పు, ఇంగ్లిష్‌లో కార్డ్; మందం 'డికె'. 'ఫోర్‌ఫ్లూగెల్' కనార్డ్ (ముక్కు దగ్గరుండే చిన్న రెక్క) కాదు, 109 రెక్క ముందంచున దానంతటదే తెరుచుకునే సన్నటి పలక, స్లాట్. యుంకర్స్ 52, 87 విమానాల 'డొపెల్‌ఫ్లూగెల్' బైప్లేన్ (ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలున్న విమానం) కాదు, దానికి 'డొపెల్‌డెకర్' ఉంది. ఇది రెక్క వెనక సందు వదిలి బిగించిన ఫ్లాప్ (దిగేటప్పుడు కిందికి వంచే పలక), ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించే పలక) వరస.

యాప్ కన్నా మన తత్పురుష సమాసమే మేలు: ఉత్తరపదమే ప్రధానం. చివర 'ఫ్లోస్సె' ఉంటే స్థిర భాగం, 'రూడర్' ఉంటే కదిలేది, 'లైట్‌వెర్క్' ఉంటే రెండూ కలిసిన తోక. ముందున్న మాట దిక్కు చెబుతుంది: హోఎన్‌రూడర్ ఎలివేటర్, క్వేర్‌రూడర్ ఎయిలరాన్. ఇంగ్లిష్ రడ్డర్, అంటే ముక్కును కుడిఎడమలకు తిప్పే తోక పలక, 'జైటెన్‌రూడర్' ఒక్కటే. యాప్ ఈ మూడింటికీ రడ్డర్ అని తగిలిస్తే ఆశ్చర్యపోకండి.

ఈ సూత్రానికీ ఒక మెలిక ఉంది. 109లో ఎలివేటర్ ట్రిమ్ (కర్రను పట్టి ఉంచక్కర్లేకుండా సమతూకం సరిచేయడం) కోసం పైలట్ ఎడమచేతి చక్రంతో ఫ్లోస్సె కోణాన్నే మారుస్తాడు; 'ఫ్లోస్సెన్‌ఫెర్‌ష్టెల్లుంగ్' అదే. ఇక 'బ్యూగెల్‌కాంటె'ను యాప్ ఇస్త్రీ అంచు అంటుంది. నిజానికి అది నేల మీద మెకానిక్ వంచి సరిచేసే రేకు ట్యాబ్. గాల్లో కదలదు, కాబట్టి మోడల్‌లో దానికి కీలు గీత చెక్కకూడదు.

మొదటి ప్రపంచయుద్ధం కాగితాల్లో 'ఫెర్‌విండుంగ్' అంటే ఫోకర్ ఈ.3 విమానం మాదిరి రెక్కనే మెలిపెట్టడం. 'ఫెర్‌విండుంగ్స్‌క్లాపె' అయితే ఎయిలరాన్. అప్పటి గోథిక్ అచ్చులో పొడుగు 'ఎస్'ను కెమెరా 'ఎఫ్' అనుకుని ఫ్లోస్సెను 'ఫ్లోఫ్ఫె' చేస్తుంది. అర్థం రాకపోతే ఎఫ్‌లు తీసి ఎస్‌లు పెట్టి మళ్లీ వెతకండి.